వీబీ6 ప్రోగ్రాం సీ షార్ప్‌కి మార్చాక నల్ ఎర్రర్లు: అన్ని చోట్లా ప్రశ్న గుర్తు పెట్టేస్తే సరిపోతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తూకం, బిల్లింగు ప్రోగ్రాం ఉంది. వీబీ6లో (పాత విజువల్ బేసిక్ భాష) రాసింది, డేటా అంతా యాక్సెస్ డేటాబేస్‌లో. దాన్ని కన్వర్టర్ టూల్‌తో సీ షార్ప్‌కి మార్చి, డేటాను ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోకి ఎక్కించారు. అప్పటినుంచి ఏ బటన్ నొక్కినా «ఆబ్జెక్ట్ రిఫరెన్స్ నాట్ సెట్ టు ఆన్ ఇన్‌స్టన్స్ ఆఫ్ ఆన్ ఆబ్జెక్ట్» అని పడిపోతోంది. పాతదాంట్లో ఏళ్లతరబడి రాని ఎర్రర్ కొత్తదాంట్లో ఎందుకొస్తోంది, చుక్క ఉన్న ప్రతిచోటా ?. (ఎడమవైపుది నల్ అయితే ఆగిపోకుండా నల్ ఇచ్చే గుర్తు) పెట్టేస్తే పోతుందా?

పోతుంది. ఎర్రర్‌తో పాటు లెక్క కూడా పోతుంది. కాబట్టి పెట్టకండి.

పాత ప్రోగ్రాంలో నల్‌లు (విలువ ఏదీ లేని చోట్లు) లేక కాదు, అప్పుడూ ఇన్నే ఉన్నాయి. విలువ లేనిచోట వీబీ6 తనకు తోచిన జవాబు ఒకటి చెప్పి ముందుకు పోయేది: ఒకచోట ఖాళీ స్ట్రింగ్, ఒకచోట సున్నా, ఒకచోట కొత్త ఆబ్జెక్ట్, ఒకచోట పోయినసారి విలువ. సీ షార్ప్ ఆ జవాబులు చెప్పదు, ఆగిపోతుంది. అంటే ఇప్పుడు మీకు ఎర్రర్ వస్తున్న ప్రతి లైనూ పాత భాష మీ తరఫున ఏదో నిర్ణయం తీసుకున్న చోటు. అక్కడ పాతది ఏ జవాబు చెప్పేది, ఆ జవాబు సరైనదేనా అని చూసి, ఆ నిర్ణయాన్ని ఇప్పుడు మీరు రాయాలి. చేయాల్సిన పని అంతే. కాకపోతే అన్ని లైన్లకూ ఒకే మందు పనిచేయదు. మూడు కుప్పలు చేసుకోండి: భాష తేడా వల్ల వచ్చేవి, డేటాబేస్ నుంచి వచ్చేవి, నిజంగానే ఆ సమాచారం ఇంకా రానివి. మొదటి కుప్ప డిక్లరేషన్ దగ్గరే తీరిపోతుంది. రెండోది డేటా చదివే ఒక్కచోట తీరుతుంది. మూడోది మీరొక్కరే తేల్చేది కాదు, అకౌంట్స్‌ వాళ్ల పక్కన కూర్చోవాలి.

ముందు భాష తేడాలు. మీ ఎర్రర్లలో ఎక్కువ భాగం ఇవే అయ్యుంటాయి.

వీబీ6లో స్ట్రింగ్ అని డిక్లేర్ చేస్తే దాని మొదటి విలువ ఖాళీ స్ట్రింగ్. సీ షార్ప్‌లో క్లాస్ ఫీల్డుగా పెట్టిన స్ట్రింగ్ మొదటి విలువ నల్. (లోకల్ వేరియబుల్‌తో ఈ బాధ లేదు, విలువ ఇవ్వకుండా వాడితే కంపైలరే ఒప్పుకోదు.) మిమ్మల్ని తికమక పెడుతున్నది ఇదీ: నల్ స్ట్రింగ్‌ను ఇంకో స్ట్రింగ్‌తో + పెట్టి కలిపితే సీ షార్ప్ దాన్ని ఖాళీగానే తీసుకుంటుంది, ఏమీ అనదు. అదే స్ట్రింగ్ మీద ట్రిమ్, లెంగ్త్, టు అప్పర్ పిలిస్తే పడిపోతుంది. అందుకే ఒకే రైతు పేరు రసీదు ప్రింటులో బాగానే వచ్చి, వెతికే స్క్రీన్‌లో కూలిపోతుంది. ఎర్రర్ వచ్చిన వెతికే లైనును ముట్టుకోవద్దు. ఫీల్డు డిక్లేర్ చేసినచోట = "" పెట్టండి. ప్రాజెక్టు మొత్తంలో స్ట్రింగ్ ఫీల్డులు వెతికి ఒక్క విడతలో చేసేయొచ్చు. ఇది పాత ప్రవర్తనను ఉన్నదున్నట్టు తిరిగి తెస్తుంది, ప్రమాదం లేదు.

రెండోది యూజర్ డిఫైన్డ్ టైప్‌ల అరేలు. వీబీ6లో టైప్ అని ఒక లోడు నిర్మాణం రాసుకుని, రీడిమ్‌తో 500 లోడ్ల అరే తీస్తే, 500 అరలూ అప్పటికే తయారుగా ఉంటాయి: అంకెలు సున్నా, స్ట్రింగులు ఖాళీ. కన్వర్టర్ దాన్ని క్లాస్‌గా మారిస్తే 500 నల్‌లు వస్తాయి, మొదటి అరను తాకగానే ఎర్రర్. స్ట్రక్ట్‌గా మారిస్తే అర ఉంటుంది, అంకెలు సున్నాగా ఉంటాయి, లోపలి స్ట్రింగ్ మాత్రం నల్. ఇక్కడొక ఉచ్చు ఉంది. సీ షార్ప్ 10 నుంచి స్ట్రక్ట్ ఫీల్డుకు = "" అని రాయనిస్తారు, కానీ అరే తీసినప్పుడు ఆ లైన్లు నడవవు. రాసింది కళ్లెదురుగా ఉంటుంది, విలువ మాత్రం నల్. కాబట్టి క్లాస్ చేసి, అరే తీసిన వెంటనే లూప్‌లో ప్రతి అరలో కొత్త ఆబ్జెక్ట్ పెట్టడం మేలు. అలా చేస్తే ఇంకోటి గుర్తుంచుకోవాలి. వీబీ6లో ఒక టైప్ వేరియబుల్‌ను ఇంకోదానికి ఇస్తే నకలు వెళ్తుంది. క్లాస్ అయ్యాక రెండూ ఒకే ఆబ్జెక్ట్‌ను పట్టుకుంటాయి, ఒకదాంట్లో బరువు మారిస్తే రెండోదాంట్లోనూ మారుతుంది. «పాత లోడును కాపీ చేసి కొత్తది మొదలుపెట్టు» అనే తరహా కోడ్ ఎక్కడుందో వెతికి, అక్కడ క్లోన్ మెథడ్ ఒకటి రాయండి.

మూడోది «యాజ్ న్యూ». వీబీ6లో అలా డిక్లేర్ చేసిన ఆబ్జెక్ట్ ఎప్పటికీ నథింగ్ (ఆబ్జెక్ట్ లేదని చెప్పే వీబీ6 మాట) అవ్వదు. నథింగ్ చేసినా సరే, మళ్లీ తాకగానే కొత్తది పుట్టుకొస్తుంది. నథింగ్ అయిందా అని అడిగినా అడగడమే తాకినట్టు లెక్క, కాబట్టి జవాబు ఎప్పుడూ «కాదు». సీ షార్ప్‌లో న్యూ ఒక్కసారే నడుస్తుంది, ఎవరో నల్ చేస్తే అది నల్లే. పాత కోడ్‌లో రోజు ముగింపు దగ్గర ఆబ్జెక్ట్‌ను నథింగ్ చేసి, మర్నాడు ఉదయం అదే వేరియబుల్ వాడుకునే అలవాటు బాగా కనిపిస్తుంది. అలాంటివాటికి ఫీల్డు బదులు ప్రాపర్టీ పెట్టి, లోపల ??= తో (నల్ అయితేనే విలువ పెట్టే గుర్తు) అవసరమైనప్పుడు సృష్టించండి.

ఫార్మ్‌లూ అంతే. వీబీ6లో ఒక ఫార్మ్ పేరు రాసి దాని టెక్స్ట్‌బాక్స్‌ను నేరుగా అడిగితే, ఫార్మ్ లోడ్ కాకపోయినా అదే లోడ్ అయి జవాబు చెప్పేది. సీ షార్ప్‌లో అలాంటి డిఫాల్ట్ ఫార్మ్ లేదు. కన్వర్టర్ స్టాటిక్ వేరియబుల్ ఒకటి పెట్టి వదిలేస్తే నల్ ఎర్రర్ వస్తుంది. అది పోవడానికి చాలామంది అక్కడికక్కడే కొత్త ఫార్మ్ సృష్టిస్తారు. ఎర్రర్ పోతుంది, కానీ అది వేరే ఫార్మ్. ఆపరేటర్ టైపు చేసిన బరువు ముందున్న ఫార్మ్‌లో ఉంటుంది, మీరు చదివేది ఖాళీ ఫార్మ్. తెరిచి ఉన్న ఫార్మ్‌నే కన్‌స్ట్రక్టర్ ద్వారా అందించండి.

ఇక అసలు ముల్లు. పాత కోడ్‌లో ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ అని వెతకండి. అది ఉన్న ప్రతి ప్రొసీజర్‌నూ ఒక కాగితం మీద రాసుకోండి. కన్వర్టర్లు దీన్ని ఖాళీ క్యాచ్‌తోనో, కామెంట్ పెట్టేసో వదిలేస్తాయి. రెండూ తప్పే. ఎందుకో చెబుతాను.

ఈ లైన్ ఉన్నప్పుడు ఆబ్జెక్ట్ నథింగ్ అయితే ఎర్రర్ నంబర్ 91 పుట్టి మాయమవుతుంది, తర్వాతి లైన్ నడుస్తుంది. దీనివల్ల రెండు జరుగుతాయి.

ఒకటి: కుడివైపు పడిపోయిన అసైన్‌మెంట్‌లో ఎడమవైపు వేరియబుల్ మారదు, పాత విలువే మిగులుతుంది. లూప్‌లో అయితే ముందటి బండి ఖాళీ బరువు తర్వాతి బండికి అంటుకుంటుంది. పాత ప్రోగ్రాం ఎర్రర్ లేకుండా నడిచింది అంటే లెక్క సరిగా వేసిందని కాదు.

రెండు: ఇది చాలామందికి తెలియదు. అనేక లైన్ల ఇఫ్ బ్లాక్‌లో షరతు లైనులోనే ఎర్రర్ వస్తే, వీబీ6 ఆ బ్లాక్ లోపలికి వెళ్తుంది. తర్వాతి లైన్ అంటే బ్లాక్‌లో మొదటి లైన్ కదా. రైతు అడ్వాన్సు బాకీ పరిమితి దాటిందా అని చూసే ఇఫ్ ఉందనుకోండి. రైతు ఆబ్జెక్ట్ నథింగ్. పాతదాంట్లో షరతు పడిపోయి, లోపలికెళ్లి, «పరిమితి దాటింది» అనే దారిలో పోయేది. మీరు దాన్ని ?. పెట్టి రాస్తే బాకీ నల్ అవుతుంది, నల్ ఏ అంకెకన్నా పెద్దది కాదు, షరతు అబద్ధం, బ్లాక్ నడవదు. అంటే ఎర్రర్ పోగొట్టడానికి పెట్టిన ఒక్క ప్రశ్న గుర్తు ప్రోగ్రాం ప్రవర్తనను తలకిందులు చేసింది. నిన్నటిదాకా మేనేజర్ అనుమతి అడిగిన చోట ఈరోజు అడ్వాన్సు నేరుగా పాసైపోతుంది. పాతదే సరైనదని నేను అనడం లేదు. రెండిట్లో ఏది కావాలో ఎవరైనా ఒకరు కావాలని ఎంచుకోవాలి అంటున్నాను. రైతు దొరకకపోతే అక్కడే ఆపి, «ఈ కోడ్‌తో రైతు లేరు» అని ఆపరేటర్‌కు చూపడం నా లెక్కలో మంచిది.

తర్వాతిది డేటాబేస్.

యాక్సెస్ టేబుల్‌లో టెక్స్ట్ కాలంలో (కాలమ్, అంటే టేబుల్ నిలువు గడి) నల్, ఖాళీ స్ట్రింగ్ రెండూ ఉండొచ్చు. కాలం ప్రాపర్టీల్లో జీరో లెంగ్త్ అనుమతి ఉందా లేదా అన్నదాన్ని బట్టి అవి ఏళ్లకేళ్లు కలగలిసిపోయి ఉంటాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోకి ఆ కలగాపులగమే వచ్చింది. ఫోన్ నంబర్ ఖాళీగా ఉన్న రైతుల జాబితా అడిగితే సగమే రావడానికి కారణం అదే. స్ట్రింగ్ కాలాలకు ఒకే నియమం పెట్టుకోండి: ఖాళీ అన్నీ నల్, లేదా నల్ అన్నీ ఖాళీ. ఒక్క అప్‌డేట్‌తో సరిచేసి, పేరు లాంటి తప్పనిసరి కాలాలకు నాట్ నల్ కట్టండి. ఆ కట్టడం ఇప్పుడే చెయ్యాలి, సీజన్ మధ్యలో కాదు.

కోడ్ వైపు చూస్తే, పాతవాళ్లు ప్రతి ఫీల్డు చివరా & "" అని తగిలించి ఉంటారు. అది చేతకానితనం కాదు, నల్‌ను ఖాళీ స్ట్రింగ్ చేసుకునే ఉపాయం. తగిలించకపోతే «ఇన్‌వాలిడ్ యూజ్ ఆఫ్ నల్», నంబర్ 94 వచ్చేది. అంకెలకైతే ఆ ఖాళీ స్ట్రింగ్‌ను వాల్ ఫంక్షన్‌కు ఇచ్చేవాళ్లు, సున్నా వచ్చేది. కన్వర్టర్ వాల్ బదులు పార్స్ పెడితే ఖాళీ స్ట్రింగ్ మీద ఫార్మాట్ ఎక్సెప్షన్. కాబట్టి మీ లాగ్‌లో ఆబ్జెక్ట్ రిఫరెన్స్ అన్న మాట ఉన్నవే నల్ ఎర్రర్లు అనుకోవద్దు. ఫార్మాట్, ఇన్‌వాలిడ్ కాస్ట్, «నల్లబుల్ ఆబ్జెక్ట్ మస్ట్ హావ్ ఏ వాల్యూ», ఇవన్నీ ఒకే చెట్టు కాయలు.

ఎస్‌క్యూఎల్ నుంచి డేటా టేబుల్‌లోకి వచ్చే నల్ సీ షార్ప్ నల్ కాదు. దాని పేరు డీబీనల్, అదొక నిజమైన ఆబ్జెక్ట్. == నల్ అని అడిగితే అబద్ధం అని వస్తుంది. టు స్ట్రింగ్ పిలిస్తే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. కన్వర్ట్ టు డెసిమల్‌కు ఇస్తే ఇన్‌వాలిడ్ కాస్ట్. అదే ఫంక్షన్‌కు మామూలు నల్ ఇస్తే నోరెత్తకుండా సున్నా ఇస్తుంది. ఈ నాలుగు ప్రవర్తనలు నాలుగు చోట్ల తగిలితే ఎవరికైనా బుర్ర తిరుగుతుంది. ఎగ్జిక్యూట్ స్కేలర్ (క్వెరీ నుంచి ఒకే విలువ తెచ్చే మెథడ్) ఇంకో అడుగు ముందుంటుంది: వరుసే దొరకకపోతే నల్, వరుస దొరికి విలువ లేకపోతే డీబీనల్. లేని రైతు పేరు అడిగితే నల్ వస్తుంది. ఆ రైతు లోడ్ల మొత్తం సమ్‌తో అడిగితే, లోడ్లు ఒక్కటీ లేకపోయినా ఒక వరుస వస్తుంది, అందులో నల్ ఉంటుంది, కాబట్టి డీబీనల్.

చేయాల్సింది: డీబీనల్ అనే మాట డేటా చదివే పొరను దాటి బయటకు రాకూడదు. డేటా రో మీద ఫీల్డ్ అనే జెనరిక్ మెథడ్ ఉంది, దానికి డెసిమల్? (నల్ కూడా కాగల డెసిమల్ అంకె) ఇస్తే డీబీనల్‌ను మామూలు నల్ చేసి ఇస్తుంది. చదివేవన్నీ దాని గుండా పోనివ్వండి. రాసేటప్పుడు తిరుగు ప్రయాణం: పారామీటర్‌కు మామూలు నల్ ఇస్తే, ఎస్‌క్యూఎల్ క్లయింట్ ఆ పారామీటర్ అసలు ఇవ్వనే లేదని ఎర్రర్ చెబుతుంది. అక్కడ ?? తో (నల్ అయితే కుడివైపు విలువ తీసుకునే గుర్తు) డీబీనల్ వాల్యూ పెట్టాలి. ఈ రెండింటికీ రెండు చిన్న ఫంక్షన్లు రాసుకుంటే ప్రాజెక్టు మొత్తానికి చాలు.

తేదీల గురించి ఒక్క మాట. వీబీ6లో విలువ ఇవ్వని తేదీ అంటే 30-12-1899. సీ షార్ప్‌లో 01-01-0001. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేట్‌టైమ్ కాలం 1753 కన్నా వెనకటిది తీసుకోదు, ఓవర్‌ఫ్లో అంటుంది. పాత డేటాలో 1899 అని కనిపిస్తే అది తేదీ లేదని అర్థం, లేదా ఆ కాలమ్‌లో టైమ్ మాత్రమే దాచారని అర్థం. రెండూ విడదీసి, మొదటి రకాన్ని నల్ చేయండి.

ఇప్పుడు మూడో కుప్ప. దీని మీద ఎంత సమయం పెట్టినా తక్కువే.

మీ ఫ్యాక్టరీలోనే చూడండి. తోతాపురి సీజన్‌లో ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరి ఉంటాయి. కాయతో నిండిన బండి వే బ్రిడ్జి ఎక్కుతుంది, నిండు బరువు పడుతుంది. కాయ దింపాక ఖాళీ బరువు తీస్తారు. మధ్యలో గంటలు పట్టొచ్చు, రాత్రి దాటి మర్నాడూ కావొచ్చు. అప్పటిదాకా ఖాళీ బరువు సున్నా కాదు, అది ఇంకా తెలియదు. నిండు బరువు 7,240 కిలోలు, ఖాళీ బరువు 3,180 అయితే నికరం 4,060. కిలో 8 రూపాయల చొప్పున 32,480. తెలియని ఖాళీ బరువు దగ్గర ?? 0 పెట్టారనుకోండి, లేదా గెట్ వాల్యూ ఆర్ డిఫాల్ట్ పిలిచారనుకోండి, రెండూ ఒకటే. నికరం 7,240 అవుతుంది, బిల్లు 57,920. ట్రాక్టరు, ట్రాలీ బరువుకు కూడా కలిపి 25,440 రూపాయలు ఎక్కువ. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. ఆడిట్‌లో దొరికేదాకా ఎవరికీ తెలియదు.

అందుకని ఖాళీ బరువును డెసిమల్? గా ఉంచి, నికరం లెక్కకట్టే ప్రాపర్టీని కూడా డెసిమల్? గానే ఉంచండి. తెలియనిదాన్ని తీసేస్తే ఫలితమూ నల్లే వస్తుంది, అది సరైన జవాబే. బిల్లు తయారుచేసే ఫంక్షన్ మాత్రం నల్ నికరాన్ని తీసుకోకూడదు. దాని పారామీటర్ మామూలు డెసిమల్ అయితే కంపైలరే మిమ్మల్ని ఆపుతుంది. ఇంకా బాగా కావాలంటే రెండు క్లాసులు చేయండి: «తూకం నడుస్తున్న లోడు»కు ఖాళీ బరువు ఫీల్డే ఉండదు, «తూకం పూర్తయిన లోడు»కు తప్పనిసరిగా ఉంటుంది. బిల్లు ఫంక్షన్ రెండోదాన్నే తీసుకుంటుంది. అప్పుడు ఈ నల్ చెక్కులు సగానికి సగం అసలు అవసరమే ఉండవు.

ధర కూడా ఇలాంటిదే. కాయ దిగిన రోజుకే ధర ఖరారై ఉండాలని లేదు. 2025 సీజన్‌లో ప్రభుత్వం తోతాపురికి కిలో 12 రూపాయలన్నప్పుడు, అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాల్సింది, 4 ప్రభుత్వం ఇవ్వాల్సింది. ఒకే లోడుకు రెండు చోట్ల నుంచి, రెండు వేర్వేరు సమయాల్లో డబ్బు. ప్రభుత్వ భాగం కాలంలో నల్ ఉంటే ఇంకా తేలలేదని, సున్నా ఉంటే ఈ లోడుకు వర్తించదని. ఈ రెండిటినీ కలిపేస్తే రైతు వచ్చి «నా నాలుగు రూపాయలు ఎప్పుడు పడతాయి» అని అడిగినప్పుడు స్క్రీన్ మీద చెప్పడానికి ఏమీ ఉండదు. ఇలాంటి కాలాలన్నీ ఒక పట్టికగా రాయండి: కాలం పేరు, నల్ అంటే ఏమిటి, సున్నా అంటే ఏమిటి, రిపోర్టులో ఏం చూపాలి. దాన్ని అకౌంటెంట్‌తో కూర్చుని నింపండి. ప్రోగ్రామర్ ఒక్కడే నింపితే అందులో సగం ఊహలే ఉంటాయి.

నల్ ఉన్న అంకెలతో పోలికలు జాగ్రత్త. సీ షార్ప్‌లో నల్‌ను 5తో పోలిస్తే చిన్నదీ కాదు, పెద్దదో సమానమో కూడా కాదు. రెండూ అబద్ధమే. «4,000 కిలోల లోపు» ఒక జాబితా, «4,000, ఆపైన» ఒక జాబితా తీస్తే తూకం పూర్తికాని లోడ్లు ఏ జాబితాలోనూ కనిపించవు, రెండు మొత్తాలు కలిపినా లోడ్ల సంఖ్యకు సరిపోదు. ఎల్స్‌తో రాస్తే అవన్నీ ఎల్స్‌లో పడతాయి. మొత్తాలూ అంతే: లింక్ (సీ షార్ప్‌లో జాబితాల మీద లెక్కలు చేసే LINQ) సమ్ నల్‌లను వదిలేసి, ఏమీ లేకపోతే సున్నా ఇస్తుంది. ఎస్‌క్యూఎల్ సమ్ నల్‌లను వదిలేసి, ఏమీ లేకపోతే నల్ ఇస్తుంది. సగటు రెండిట్లోనూ నల్‌లను భాగహారంలో లెక్కపెట్టదు, కానీ పాతదాంట్లో అవి సున్నాలుగా లెక్కకు వచ్చి ఉండొచ్చు. పాత రిపోర్టుకూ కొత్త రిపోర్టుకూ సగటు తేడా వస్తే ముందు ఇక్కడే చూడండి.

డిక్షనరీ తేడా చిన్నదే కానీ చెప్పాలి. పాత కోడ్ స్క్రిప్టింగ్ డిక్షనరీ వాడి ఉంటే, లేని కీని చదవడమే చాలు, అది ఖాళీ విలువతో ఆ కీని చేర్చేస్తుంది. సీ షార్ప్ డిక్షనరీ కీ లేదని ఎక్సెప్షన్ వేస్తుంది. ట్రై గెట్ వాల్యూ వాడండి. పాతదాంట్లో అలా చేరిన దొంగ కీలు లెక్కింపులో కలిసేవి కాబట్టి, «మొత్తం రైతులు» అనే అంకె కొత్తదాంట్లో తగ్గితే కంగారు పడకండి, తగ్గిందే సరైనది కావొచ్చు.

కంపైలర్‌ను ఎప్పుడు దింపాలి? సీ షార్ప్ 8 నుంచి నల్లబుల్ రిఫరెన్స్ టైప్‌లు ఉన్నాయి, డాట్‌నెట్ 6 నుంచి కొత్త ప్రాజెక్టుల్లో అవి ముందే ఆన్ అయి వస్తాయి. కన్వర్ట్ చేసిన ప్రాజెక్టులో మొత్తానికి ఒకేసారి ఆన్ చేస్తే వందల హెచ్చరికలు వస్తాయి, మీరు విసుగెత్తి ఆపేస్తారు. ఫైలు పైన #నల్లబుల్ ఎనేబుల్ అనే డైరెక్టివ్‌తో ఒక్కో ఫైలుగా వెళ్లండి. క్రమం: ముందు ఎవరి మీదా ఆధారపడని డేటా క్లాసులు, తర్వాత డేటా చదివే పొర, తర్వాత లెక్కలు, చివర్న ఫార్మ్‌లు. ఫార్మ్‌లతో మొదలుపెడితే పని ఎన్నటికీ తెగదు. 8618 హెచ్చరిక వస్తే ఫీల్డుకు మొదటి విలువ లేదని: ముందు చెప్పిన స్ట్రింగ్ సమస్య. 8602 వస్తే నల్ కావచ్చైన దానిమీద చుక్క పెట్టారని. ఒక ఫైలు శుభ్రమయ్యాక ఆ రెండిటినీ ఆ ప్రాజెక్టులో ఎర్రర్లుగా మార్చండి, మళ్లీ చొరబడవు.

నోరు మూయించడానికి ఆశ్చర్యార్థకం (!) పెట్టే అలవాటు చేసుకోవద్దు. అది నడిచేటప్పుడు ఏ పరీక్షా చేయదు, కంపైలర్‌ను మాత్రం ఊరుకోమంటుంది. పెట్టక తప్పకపోతే పక్కన కామెంట్‌లో ఎందుకు నల్ కాదో రాయండి. రాయలేకపోతే అక్కడ పెట్టకూడదని అర్థం. కంపైలర్ చూడలేనివీ ఉన్నాయి: కొత్తగా తీసిన అరేలోని అరలు, డిఫాల్ట్ స్ట్రక్ట్ లోపలి స్ట్రింగులు. సరిగ్గా మీ లోడ్ల అరే లాంటివే, హెచ్చరిక రాదు. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ (టేబుల్ వరుసలను క్లాసులుగా చదివిపెట్టే లైబ్రరీ) వాడుతుంటే ఇంకోటి: ప్రశ్న గుర్తు లేని స్ట్రింగ్ ప్రాపర్టీని అది తప్పనిసరి కాలంగా తీసుకుంటుంది. డేటాబేస్‌లో అక్కడ నల్ ఉంటే ఆ వరుస చదవగానే పడిపోతుంది. కాబట్టి డేటా శుభ్రం చేయడం ముందు, ప్రశ్న గుర్తులు తీయడం తర్వాత.

ఎర్రర్ ఏ వేరియబుల్‌ది అని పట్టుకోవడానికి: సీ షార్ప్ సందేశం పేరు చెప్పదు. లోడు చుక్క రైతు చుక్క ఊరు చుక్క ట్రిమ్ అని ఒకే లైనులో ఉంటే ఎవరు నల్ అన్నది తెలియదు. డీబగ్గర్‌లో నడిపితే విజువల్ స్టూడియో చెబుతుంది, ఫ్యాక్టరీ కంప్యూటర్‌లో డీబగ్గర్ ఉండదు. ఆ లైన్లను విడగొట్టి రాసి, పీడీబీ ఫైళ్లు (బిల్డ్‌లో వచ్చే డీబగ్ సమాచారం ఫైళ్లు) ప్రోగ్రాం పక్కనే పెడితే లాగ్‌లో లైన్ నంబర్ వస్తుంది. ముఖ్యమైన ఫంక్షన్ల మొదట్లో ఆర్గ్యుమెంట్ నల్ ఎక్సెప్షన్ త్రో ఇఫ్ నల్ పిలిస్తే పారామీటర్ పేరుతో సహా వస్తుంది.

పరీక్ష విషయంలో మీకు ఒక వెసులుబాటు ఉంది. మైక్రోసాఫ్ట్ వీబీ6 ఐడీఈకి మద్దతు 2008 ఏప్రిల్‌లోనే ఆపేసినా, రన్‌టైమ్ ఇప్పటి విండోస్‌లోనూ నడుస్తుంది. పాతది తీసేయకండి. పోయిన సీజన్ యాక్సెస్ ఫైలు నకలు మీద పాతది, మార్చిన డేటా మీద కొత్తది నడిపి, లోడు నంబర్ వారీగా నికర బరువు, ధర, బిల్లు మొత్తం సీఎస్‌వీలోకి తీసి పోల్చండి. తేడా వచ్చిన ప్రతి లోడుకూ ఎవరిది సరైనదో తేల్చండి. కొన్నిటిలో పాతదే తప్పని తేలుతుంది, రెజ్యూమ్ నెక్స్ట్ ఉన్న ప్రొసీజర్లలో ముఖ్యంగా. అప్పుడు కొత్తదాన్ని పాతదానిలా «సరిచేయకుండా» యజమానికి రాతపూర్వకంగా చెప్పండి. బండి సగం తూకంలో ఉండగా కరెంటు పోవడం, రైతు కోడ్ తప్పు కొట్టడం, ధర రాకముందే రిపోర్టు తీయడం, ఈ మూడింటినీ చేత్తో చేసి చూడండి, పాత డేటాలో అవి దొరకకపోవచ్చు.

చివర్లో జావా గురించి కూడా అడిగారు కాబట్టి: సీ షార్ప్ బదులు దానికి వెళ్లినా పని ఇదే, జవాబులు మాత్రం మారతాయి. జావాలో స్ట్రింగ్‌కు నల్ కలిపితే రసీదు మీద «నల్» అన్న అక్షరాలే పడతాయి. హ్యాష్‌మ్యాప్ లేని కీకి ఎక్సెప్షన్ వేయదు, నల్ ఇస్తుంది. జేడీబీసీలో (జావా డేటాబేస్ చదివే లైబ్రరీ) గెట్ ఇంట్ డేటాబేస్ నల్‌ను సున్నా చేసి ఇస్తుంది, వెంటనే వాజ్ నల్ అడగకపోతే మీ ఖాళీ బరువు కథ మళ్లీ మొదటికి. జావా 15 నుంచి మాత్రం ఎర్రర్ సందేశంలోనే ఏది నల్ అన్నది ముందే ఆన్ అయి వస్తుంది, అది హాయి. పూర్తిగా వీబీ డాట్‌నెట్‌కే (వీబీ6 తర్వాత వచ్చిన విజువల్ బేసిక్) వెళ్దామన్నా తప్పు లేదు. అక్కడ నథింగ్ స్ట్రింగ్‌ను ఖాళీ స్ట్రింగ్‌తో = పెట్టి పోలిస్తే సమానమే అంటుంది, కాబట్టి మొదటి కుప్ప కొంత చిన్నదవుతుంది. కానీ నథింగ్ మీద చుక్క పెట్టి ట్రిమ్ పిలిస్తే అక్కడా పడిపోతుంది. అండ్ బదులు అండ్ ఆల్సో రాయకపోతే, నథింగ్ కాదా అని ముందు అడిగినా రెండో భాగం నడిచి కూలుతుంది.